పడుకున్న బుద్ధుడి గుహ మూసేశారట

ఫిబ్రవరి 26

గడుగ్గాయ్‌కి,

నువ్వు బండెక్కి వెళ్ళి నాలుగు రోజులైంది. ఈ నాలుగు రోజులూ నేను కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, సిమెంటు కట్టు వేసిన కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని, వీధిలో పోయే ప్రతి మోటార్ సైకిల్నీ తిట్టుకుంటున్నాను. నాకు కోపమొస్తే ఒంటికాలి మీద లేస్తానని నువ్వు వెక్కిరించేదానివి కదా. ఇప్పుడు లేవడానికి నాకున్నది ఆ ఒక్క కాలే.

ఫోన్లు కట్టేసి ఉత్తరాలే రాసుకోవాలని రూలు పెట్టింది నేనే, కాబట్టి నోరెత్తను. అయినా ఆ రూలు పెట్టినప్పుడు మనిద్దరం ఒకే బండి మీద పోతూ ఇంట్లో వాళ్ళకి రాస్తామనుకున్నాను. ఇంట్లో కూర్చుని రాసేదాన్ని నేనవుతానని కలగన్నానా?

తొమ్మిదేళ్ళు పట్టింది ఆ నోటుబుక్కు నింపడానికి. ఏ గుడి ఎన్నింటికి తెరుస్తారు, ఏ గుహలోకి టార్చి కావాలి, ఎక్కడ గుడారం వేయనిస్తారు, ఏ తారీఖుకి ఏ పోస్టాఫీసు. షాపులో సీటు కవర్లూ టార్పాలిన్లూ కుట్టాక మిగిలిన టైములో గుడారం కుట్టాను. ఇద్దరికి సరిగ్గా సరిపోయేట్టు, నీ పక్క కుడి, నా పక్క ఎడమ. చివరికి దాన్ని అటక మీంచి దించబోయే కదా స్టూలు మీంచి పడ్డాను!

ఇప్పుడు గుడారంలో నా పక్క మీద మీ వదిన పడుకుంటోంది. నాకు తమ్ముడి భార్యేలే, మరదలే, కాదనను. వాడు పోయిన నాలుగేళ్ళలో మనింటికి మూడుసార్లు వచ్చిందో లేదో, నా కాలు విరిగిన మర్నాడు మాత్రం సంచీ సర్దుకుని దిగింది. "ఖాళీగానే ఉంది కదా వదినా, నేను వెళ్ళనా" అని అడుగుతుంటే మందుల మత్తులో తలూపానట. నేను ఊపలేదు. కట్టు నొప్పికి తల అటూ ఇటూ తిప్పానంతే.

చైనుకి నూనె పెట్టు. గుడారం తడిగా ఉండగా మడత పెడితే చంపేస్తాను.

నీ
టైమ్‌టేబుల్ అక్క


మార్చి 2

టైమ్‌టేబుల్ అక్కయ్యకి,

తలుపుల్లేని ఈ పోస్టాఫీసు బెంచీ మీద కూర్చుని రాస్తున్నా. నీ బుక్కు దేవుడి వాక్కే తల్లీ! రెండో రోజు పెట్రోలు బంకు తర్వాత ఎడమకి తిరగమన్నావు, తిరిగాం. అక్కడ టీ బాగుంటుందన్నావు, బాగుంది. తొమ్మిదేళ్ళుగా ఇల్లు కదలకుండా ఇదంతా ఎలా తెలిసిందే నీకు?

కొండ మీది గుడికి మూడొందల పన్నెండు మెట్లు. వదిన చెయ్యి పట్టుకుని ఎక్కించాను. పైన పెద్ద తెల్లటి స్తూపం, దాని చుట్టూ ఇత్తడి గంటలు, గాలికి వాటంతట అవే మోగుతుంటాయి. ముసలి భిక్షువు ఒకాయన బండి చూసి, "ఇద్దరాడవాళ్ళూ ఇంత దూరం దీని మీదే వచ్చారా?" అని మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ అవునన్నాక తాళం తీసి వెనక పెరట్లో గుడారం వేసుకోమన్నాడు. నేను డిపోలో బస్సులు బాగుచేస్తానని చెబితే వాళ్ళ నీళ్ళ మోటారు చూపించాడు. గంటలో తిప్పేశాను. పొద్దున్న మాకు వేడినీళ్ళు!

మొదటి సున్నపురాయి గుహ కూడా అయింది. లోపల చల్లగా, పైనుంచి టప్ టప్ మని చుక్కలు. పైనుంచి దిగే రాళ్ళూ కిందనుంచి లేచే రాళ్ళూ అక్కడక్కడ కలిసిపోయి స్తంభాలయ్యాయి. వదిన ప్రతి స్తంభాన్నీ చేత్తో తడిమి తడిమి చూసింది. సాయంత్రం స్టవ్వు మీద గుడ్లు ఉడుకుతుంటే, ఆ రోజు చూసినవన్నీ నేను మొదటి నుంచీ మళ్ళీ చెప్పాలి. అది మా ఆట. రంగులు, ఆకారాలు, ఎవరి మొహం ఎలా ఉంది, అన్నీ అడుగుతుంది.

కాలు ఎలా ఉంది? గోక్కోవడానికి అల్లిక సూది వాడకు.

నీ గడుగ్గాయ్


మార్చి 6

ఒసేయ్,

ఆటా? మీ ఆటా?

నీకు ఆరేళ్ళప్పుడు తట్టు పోసి చీకటి గదిలో పడుకోబెడితే, రోజూ స్కూలు నుంచి వచ్చి వీధిలో చూసినవన్నీ ఒక్కటీ వదలకుండా నీకు చెప్పిందెవరు? రంగులు, ఆకారాలు, ఎవరి మొహం ఎలా ఉందో కూడా? అప్పుడు లేని మీ వదిన ఇప్పుడు వచ్చి నా ఆట లాగేసుకుంటే, నువ్వు దానికి "మా ఆట" అని పేరు పెట్టి నాకే రాస్తావా! ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ పడబోయాను.

ఆవిడకి కళ్ళు లేవా? చూసిందాన్ని మళ్ళీ చెప్పించుకోవడమేమిటి, రాణీగారిలాగా! చెయ్యి పట్టుకుని మెట్లెక్కించావట. నాకంటే ఆరేళ్ళు చిన్నది, కాళ్ళు రెండూ దివ్యంగా ఉన్నాయి.

నీకు గుర్తు లేదేమో, నాకుంది. తమ్ముడు పోయాక పాపం ఒక్కతే ఉంది కదా అని నా షాపులో మిషను ఇచ్చి కూర్చోబెట్టాను. రెండేళ్ళు బాగానే కుట్టింది. తర్వాత కుట్లు వంకర్లు, దారం ఎక్కించడానికి అరగంట. ఒకరోజు ఉన్నట్టుండి లేచి, "ఇది నా వల్ల కాదు వదినా" అని గుమ్మం దాటి వెళ్ళిపోయింది. టార్పాలిన్లు కుట్టడం ఆవిడ స్థాయికి తక్కువైంది కాబోలు. నేను కుట్టిన గుడారంలో నిద్ర మాత్రం పడుతోంది.

అవును, నాకు కుళ్ళే. కుళ్ళు కాదని అబద్ధం చెప్పేంత ఓపిక నాకు లేదు. ఆ బండి వెనక సీటు కుట్టింది నేను. నా నడుముకి సరిపోయేట్టు వెనక చిన్న దిండు పెట్టుకున్నాను. దాని మీద ఆవిడ కూర్చుని నీ భుజం పట్టుకుని పోతోందనుకుంటే అన్నం సయించడం లేదు.

అక్క


మార్చి 9

అక్కా,

గుడారం సంగతి నీకు తెలిసిపోయిందా? ఉత్తరం అంత ఘాటుగా ఉంటే తెలిసిపోయిందేమోననుకున్నా. సరే, చెప్పేస్తున్నా. వదిన చెయ్యి తగిలి స్టవ్వు ఒరిగింది, మంట తగిలి ఎడమ పక్క గుడ్డకి అరచేతంత కన్నం పడింది. తను రాత్రంతా ఏడ్చింది. పొద్దున్న నేనే మాసిక వేశాను. వంకరగానే ఉంది, వచ్చాక నువ్వు తిట్టుకుంటూ సరిచేద్దువుగాని.

మిగతావాటికి ఏం చెప్పను? నువ్వు రావలసిన చోటికి నువ్వు రాలేదని నాకు మాత్రం లేదా? కానీ ఈ యాభై రోజుల సెలవు నాకు మళ్ళీ పదేళ్ళకి గానీ రాదు. వదిన గురించి అంత మాట అనకు. నీకన్నీ తెలియవు. నన్ను చెప్పొద్దంది కాబట్టి నేను చెప్పకూడదు.

నిన్నటి గుహలో లోపలికి పాకుతూ వెళ్ళాలి. గబ్బిలాలు నెత్తి మీదే. లోపల రాతి గోడకి వరసగా చిన్న చిన్న బుద్ధుడి బొమ్మలు, ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్ళినవి, ఒకదానికి ముక్కు లేదు. దాన్ని చూసి నువ్వే గుర్తొచ్చావు. ఎందుకంటే చెప్పను, నీ మీద కోపంగా ఉన్నా కాబట్టి.

పదిహేడుకి పడుకున్న బుద్ధుడి గుహ! నీ బుక్కులో ఎర్ర సిరాతో రెండుసార్లు గీత గీశావే, అదే. పైకప్పు కన్నంలోంచి ఏడాదికి మూడు వారాలే వెలుగు పడుతుందనీ, పదింపావుకి బుద్ధుడి నుదుటి మీద మొదలై పాదాల దాకా జరిగి పదీ నలభైకి పోతుందనీ, ఈ నెల ఇరవై నాలుగు ఆఖరు రోజనీ రాశావు. నీ రాత అంతా వదినకి చదివి వినిపించాను. ఇంకెన్ని రోజులని రోజూ లెక్కపెడుతోంది. నీకంటే తనకే తొందర ఎక్కువగా ఉంది.

గడుగ్గాయ్


మార్చి 11

బంగారు చెల్లికి,

గుడారం సంగతి మరిచిపో. గుడ్డే కదా, కుట్టుకోవచ్చు. మీరిద్దరూ క్షేమంగా ఉంటే నాకంతే చాలు.

ఒక ముఖ్యమైన సంగతి. లారీ సీట్లు కుట్టించుకోవడానికి ఒక కస్టమరు వచ్చాడు. మొన్ననే అటునుంచి వచ్చాడట. పడుకున్న బుద్ధుడి గుహలో పైకప్పు రాయి ఊడిపడిందనీ, మూసేశారనీ చెప్పాడు. ఈ ఏడాది తెరవరట. అంత దూరం మట్టిరోడ్డు మీద అనవసరంగా పోవద్దు. ఆ మజిలీ వదిలేసి నేరుగా తూర్పు రోడ్డు పట్టి, తర్వాతి గుడికి వెళ్ళిపోండి. ఆ తర్వాతి పోస్టాఫీసులు మామూలే.

మీ వదినని కూడా జాగ్రత్తగా చూసుకో.

ప్రేమతో
అక్క


మార్చి 15

అక్కా,

నీ ఉత్తరం నిన్న అందింది. గుహ మూసేశారని వదినకి చదివి వినిపించాను. "ఉత్తరం మళ్ళీ ఒకసారి చదువు" అంది. చదివాను. తర్వాత అన్నం తినలేదు, గుడారంలోకి వెళ్ళి అటు తిరిగి పడుకుంది.

ఇంక దాచలేను. ఒట్టు తీసి గట్టున పెడుతున్నా.

వదినకి చూపు పోతోంది అక్కా. పక్కలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు ఎదురుగా కొంచెం కనిపిస్తుంది, అది కూడా వెలుతురుంటేనే. పోయిన చూపు రాదనీ, ఉన్నది కూడా ఏడాది ఉంటే గొప్పేననీ డాక్టరు చెప్పాడు. నీ షాపు మానేసింది అందుకే. సూది కన్నం కనపడలేదు. నీకు చెబితే జాలిపడి ఊరికే కూర్చోబెట్టి అన్నం పెడతావని చెప్పలేదట. నీ జాలి భరించడం కంటే నీ కోపమే నయమంది.

మెట్ల మీద చెయ్యి పట్టుకున్నది అందుకు. స్తంభాలు తడిమింది అందుకు. సాయంత్రాలు నేను చెప్పేది ఆట కాదు. తను చూడలేకపోయిన వాటిని చెప్పేదాన్ని. నిన్ను చూసి నేర్చుకున్నదే అది. నాకు తట్టు పోసినప్పుడు నువ్వు చెప్పినట్టే చెప్పాను.

గుహలన్నీ చీకటే కదా, తనకి ఏమీ కనిపించవు. అలాంటప్పుడు ఎందుకు బయల్దేరావని మొదటి రోజే అడిగాను. "మీ అక్క ఎప్పుడో షాపులో చెప్పింది, చీకటి గుహలో ఒక్కచోటే వెలుగు పడుతుందని. అలాంటిదైతే నాకూ కనిపిస్తుంది కదా, అదొక్కటి కళ్ళారా చూస్తే చాలు" అంది. దాని కోసం ఇప్పటిదాకా ప్రతి గుహలోనూ చీకట్లో నా చెయ్యి పట్టుకుని నడిచింది.

రాయి ఊడితే మనమేం చేస్తాం, మన ఖర్మ. రేపు పొద్దున్నే తూర్పు రోడ్డు.

చెల్లి


మార్చి 18

చెల్లీ,

గుహ తెరిచే ఉంది. రాయి ఊడలేదు. లారీ కస్టమరెవరూ రాలేదు. నేనే కల్పించాను.

ఈ ఉత్తరం నాలుగు కాపీలు రాసి, తూర్పు రోడ్డు మీదున్న నాలుగు పోస్టాఫీసులకీ స్పీడు పోస్టులో పంపుతున్నాను. ఏది ముందు అందితే అది చదివి వెంటనే బండి వెనక్కి తిప్పు. ఫోను కూడా చేశాను, నా రూలు నేనే తప్పి. స్విచాఫ్. నువ్వు నా రూలు తప్పవు, అదే నా ప్రాణానికొచ్చింది. గుహ దగ్గరి మఠానికి ఫోను చేసి అడిగితే, వెలుగు రోజూ పడుతోందనీ ఇరవై నాలుగు దాకా ఉంటుందనీ ఆ భిక్షువు నెమ్మదిగా చెప్పాడు. ఆయన అంత నెమ్మదిగా చెబుతుంటే నాకు ఏడుపాగలేదు.

ఎందుకు చేశానంటే ఏం చెప్పను? మిగతావన్నీ ఓర్చుకున్నాను. ఆ ఒక్కటి నాకంటే ముందు ఆవిడ చూస్తుందంటే మాత్రం ఓర్చుకోలేకపోయాను. నేను వచ్చేదాకా ఆ గుహ ఎవరికీ లేకుండా ఉండాలనిపించింది. ఇల్లు కదలలేనిదాన్ని, కాగితమ్మీద రెండు లైన్లు గీకి గుహ మూసేశాను.

"ఆవిడకి కళ్ళు లేవా" అని రాశాను కదూ. ఆ ఉత్తరం చింపెయ్. తనకి చదివి వినిపించలేదు కదా? వినిపించలేదని చెప్పు.

వెనక్కి తిప్పు. దారిలో పెట్రోలు బంకు లేదు, సీసాలో పట్టుకెళ్ళు.

అక్క


మార్చి 25

ఇరవై రెండు సాయంత్రం మూడో పోస్టాఫీసులో నీ కాపీ అందింది. అక్కడికి గుహ రెండొందల ముప్పై కిలోమీటర్లు. మర్నాడు తెల్లారకముందే బయల్దేరాం. మధ్యాహ్నం క్లచ్ వైరు తెగింది. ముందు ఊళ్ళో వైరు దొరికేసరికి సాయంత్రమైంది. ఇరవై నాలుగు పొద్దున్న, రాత్రి కురిసిన వానకి మట్టిరోడ్డంతా బురద. రెండుసార్లు పడ్డాం. వదిన మోకాలు చీరుకుపోయింది.

గుహ ముందు బండి ఆపేసరికి పదకొండూ ఐదు.

లోపల ఎవరూ లేరు. పైకప్పు కన్నంలోంచి ఆకాశం ముక్క కనిపిస్తోంది కానీ వెలుగు కిందికి దిగడం లేదు. బుద్ధుడు చీకట్లో పడుకుని ఉన్నాడు. నేను టార్చి వేయబోతే వదిన వద్దంది. తడుముకుంటూ పాదాల దాకా వెళ్ళి, అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. "ఇక్కడ ఇంకా ఉంది" అంది. నేనూ చెయ్యి పెట్టి చూశాను. రాయి వెచ్చగా ఉంది.

నాకు అక్కడే కూలబడి ఏడవాలనిపించింది. ఇరవై ఐదు నిమిషాలు!

నీ ఆరో తారీఖు ఉత్తరం తనకి చదవలేదు. నీ మీద ప్రేమతో కాదు. తన మీద ప్రేమతో.

ఇంటికొచ్చాక మాట్లాడతానో లేదో నాకే తెలియదు. ఇందులో పెట్టిన రెండో కాగితం వదినది. నేను చదవకూడదంది, చదవలేదు.


మార్చి 25

వదినా,

అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కితే ఏమీ అనుకోకండి. పెద్దగా రాస్తున్నాను, అయినా లైను ఎటు పోతోందో తెలియడం లేదు.

మీరు అబద్ధం రాశారని నాకు ఆ రోజే తెలిసింది. రెండోసారి చదివించుకున్నది అందుకే. మీ ఉత్తరాలు వచ్చినప్పుడల్లా మీ చెల్లి కొన్ని లైన్లు మింగేసి చదువుతుంది. మింగిన చోట ఏముంటుందో నాకు తెలుసు, మీ షాపులో రెండేళ్ళు కూర్చున్నదాన్ని. గుహ మూసేశారన్న ఉత్తరం ఒక్కటే ఆగకుండా చదివింది. "బంగారు చెల్లి", "మీ వదినని జాగ్రత్తగా చూసుకో". ఇవి మీ నోట్లోంచి వచ్చే మాటలా? అయినా నేను నోరు మెదపలేదు. వెళ్దాం పద అని అనగలిగేదాన్నే. ఎందుకనలేదో చెబుతాను.

మీ కాలు విరిగిందని తెలిసినప్పుడు నాకు మొదట తోచిన మాట "అయ్యో" కాదు. "సీటు ఖాళీ అయింది" అని. ఆ తర్వాతే అయ్యో. సంచీ సర్దుతున్నంతసేపూ సంతోషంగా ఉన్నాను. మీ ఇద్దరూ ఆ నోటుబుక్కు ముందేసుకుని నవ్వుకుంటుంటే, పక్క మిషను మీద కూర్చుని రెండేళ్ళు చూశాను. ఒక్కసారి కూడా నువ్వూ వస్తావా అని అడగలేదు మీరు. నాకు ఎంత ఉక్రోషంగా ఉండేదో మీకు తెలియదు. కాబట్టి మీరు గుహ మూసినప్పుడు, నాకు తగిన శాస్తే అనుకున్నాను. తర్వాత మీ ఉత్తరం వచ్చింది. మీరు ఒప్పుకున్నారు. నేను కూడా ఒప్పుకోకపోతే బాగుండదు కదా.

మీ చెల్లి ఏడుస్తోంది, నేను బాగానే ఉన్నాను. మళ్ళీ ఏడాదికి నాకు ఏమీ కనిపించకపోవచ్చు. అయినా వెలుగు పడితే రాయి వెచ్చబడుతుందని ఇప్పుడు తెలిసింది.

మీ సీటు వెనక చిన్న దిండు చాలా హాయిగా ఉంది. అది కూడా ఒప్పుకుంటున్నాను.

మరదలు


ఏప్రిల్ 1

మరదలికి,

ఈ ఉత్తరం నా చెల్లి చదివి నీకు వినిపిస్తుంది. ఒసేయ్ గడుగ్గాయ్, ఈసారి ఒక్క లైను మింగినా ఊరుకోను. నాతో మాట్లాడకపోతే మానెయ్, చదవడం మాత్రం చదువు.

ఆరో తారీఖున నేను నీ గురించి రాసిన మాటలు చెల్లి నీకు చదవలేదు. నేను చెబుతాను, వేరేవాళ్ళ నోట వినకు. "ఆవిడకి కళ్ళు లేవా" అని రాశాను. "రాణీగారిలాగా" అని కూడా రాశాను. తెలియక రాశాను, కానీ తెలుసుకోవాలని ఎప్పుడూ అడగలేదు కాబట్టి తెలియకపోవడం కూడా నా తప్పే. నువ్వు షాపు గుమ్మం దాటిన రోజున వెనకాలే వచ్చి అడగాల్సింది. నీ వంకర కుట్లు చూసి తిట్టుకుంటూ కూర్చున్నాను.

నా కాలు విరిగితే సంతోషించానన్నావు. ఆ లైను రెండుసార్లు చదివాను. తర్వాత నవ్వొచ్చింది. కుళ్ళుబోతుతనంలో నన్ను మించినవాళ్ళు లేరనుకున్నాను ఇన్నాళ్ళూ! నువ్వు మనింటిదానివే.

కట్టు నిన్న విప్పారు. కాలు పుల్లలా ఉంది, కానీ ఉంది. రాగానే గుడారం నాకివ్వండి. మధ్య కుట్టు విప్పి మూడో మనిషి పక్క కలుపుతాను. నువ్వు కాల్చిన కన్నం దగ్గర చెల్లి వేసిన మాసిక అలాగే ఉంచుతాను, చేత్తో తడిమితే నీ పక్క ఏదో నీకు తెలుస్తుంది. బండికి పక్కన మూడో మనిషి కూర్చునే సైడ్‌కార్ తొట్టి తగిలించే పని డిపో మెకానిక్కుది, దానికి సీటు కుట్టే పని నాది. దిండు నీకే. నాకు ఇంకోటి కుట్టుకుంటాను.

వచ్చే మార్చిలో పదింపావుకి అక్కడ ఉందాం. ఇరవై నాలుగున కాదు, మొదటి రోజునే. వెలుగు నుదుటి మీదికి వచ్చింది, ముక్కు మీదికి వచ్చింది అని చూసింది చూసినట్టు నీకు చెబుతుంటాను. కానీ ఒక్క మాట.

ఈ గుహ సంగతిలో నా మాట నమ్మకు. చెయ్యి పెట్టి చూసుకో.

అక్క